ఇంటిపేరులో దాగిన ఊరు



మన ఉద్దానపు పల్లెలలో క్రొత్త మనిషి ఒకడు బస్సు దిగి రావిచెట్టు నీడను కూర్చున్నయెడల, మంచినీళ్ళ చెంబు చేతికిచ్చిన వెంటనే మనవారు రెండు ప్రశ్నలు వేయుదురు. "ఏ ఊరు బాబూ?" అనునది మొదటిది. "ఇంటిపేరేటి?" అనునది రెండవది. ఈ రెంటికిని జవాబు దొరకువరకు మన పెద్దల మనసు నిలువదు. జవాబు దొరికినప్పుడు, వచ్చినవాడు ఎవరికి మేనల్లుడో, ఎవరి వియ్యంకునికి తమ్ముడో లెక్క తేల్చి, "అయితే మనోడే" అని సంతోషించుదురు.

ఆ రెండవ ప్రశ్ననుగూర్చి ఈ నెల మీతో మాటలాడ గోరుచున్నాను. ఇంటిపేరు రెండు మూడక్షరముల మాట. పుట్టిన నాడే అది మనకు వచ్చును. మనము దానిని అడుగలేదు, సంపాదింపలేదు. అయినను అది ఒకచోట పుట్టినది, ఒక దారిని నడిచి మన గుమ్మమునకు వచ్చినది. ఆ దారిని తెలిసికొనుట వ్యర్థమైన ముచ్చట కాదని చివరకు మీరే చెప్పుదురని నమ్ముచున్నాను.

మన శ్రీకాకుళము జిల్లా ఇంటిపేర్లను కొన్నిటిని వరుసగా పలికి చూడుడి. చింతాడ, పొన్నాడ, ముద్దాడ, నిమ్మాడ. ఇవన్నియు ఊర్ల పేర్లే. చింతాడ ఆమదాలవలస దగ్గర నున్నది. పొన్నాడయు ముద్దాడయు ఎచ్చెర్ల మండలములో నున్నవి. నిమ్మాడ కోటబొమ్మాళి మండలములో, చెన్నై నుండి కలకత్తా పోవు పెద్దరోడ్డు ప్రక్కనే యున్నది. చింత, పొన్న, నిమ్మ అను చెట్లు ఈ పేర్లలో వినబడుచున్నవి గదా. చివరనున్న "ఆడ" అనునది "వాడ" అను మాటయే నోటిలో అరిగి మిగిలినదని నాకు తోచుచున్నది. చింతచెట్ల వాడ చింతాడ, నిమ్మచెట్ల వాడ నిమ్మాడ.

ఇప్పుడొక వింత చూడుడి. నిమ్మాడ అనగానే రాష్ట్రమంతటికి గుర్తు వచ్చు ఇంటిపేరు నిమ్మాడ కాదు, కింజరాపు. కేంద్రమంత్రిగా పనిచేసిన కింజరాపు ఎర్రన్నాయుడుగారు 1957లో ఆ ఊరిలోనే పుట్టిరి. 2012లో రోడ్డు ప్రమాదములో మరణించిరి. అట్లే బారువలో పుట్టిన సర్దార్ లచ్చన్నగారి (1909–2006) ఇంటిపేరు బారువ కాదు, గౌతు. ఊరికి పేరు తెచ్చినవారికి ఊరిపేరు ఇంటిపేరుగా లేదు. మరి ఆ పేరు ఎవరికున్నది? ఎందుకున్నది?

దీనికి జవాబు నాకు ఒక అతిథివలన దొరికెను. మా సంఘములో బాప్తిస్మపు పుస్తకము వ్రాయు పని చాల యేండ్లుగా నాది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటి మన కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలకూల్చిన సంగతి మీరెరుగుదురు. ఆ మరుసటి యేట, కూలిన కొబ్బరిమానులు ఇంకను తోటలలో పడియుండగా, ఖరగ్‌పూరు నుండి అరువది యేండ్లు దాటిన పెద్దమనిషి ఒకరు మా యొద్దకు వచ్చిరి. ఆయన తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. 1893–1896 నడుమ మన తీరమున రైలుమార్గము పడిన పిమ్మట బ్రదుకుతెరువు వెదకుకొనుచు బెంగాలు పోయినవారిలో ఆయన తాతగారొకరు. ఖరగ్‌పూరు రైల్వే కర్మాగారములో కూలికి చేరి, అక్కడనే స్థిరపడి, అక్కడనే మట్టిలో కలిసిరి.

ఆయన చేతిలో ఒక పాత కాగితముండెను. అది తాతగారి బాప్తిస్మపు నకలు. అందులో "ఎన్. యాకోబు" అని మాత్రమే యున్నది. తండ్రి పేరు వ్రాయవలసిన గడి ఖాళీ. స్వగ్రామము వ్రాయవలసిన గడియు ఖాళీ. అయితే వారి నాయనమ్మ బ్రదికియున్న దినములలో "మేము నిమ్మాడోళ్ళం" అని చెప్పుచుండెడిదట. ఆ ఒక్క మాట పట్టుకొని ఆయన రైలెక్కి వచ్చిరి.

మేము ఆయనను వెంటబెట్టుకొని నిమ్మాడ పోతిమి. "నిమ్మాడ ఇంటిపేరువారు ఎక్కడ నున్నారు?" అని విచారించితిమి. అరుగుమీద చుట్ట కాల్చుకొనుచున్న ముసలాయన ఒకడు నవ్వి, "ఊళ్ళో ఉన్నోడికి ఊరిపేరెందుకు బాబూ? ఊరొగ్గేసి ఎలిపోనోడికే గదా ఆ పేరు!" అనెను.

చదువరీ, ఈ మాటను కొంచెము నిలిచి ఆలోచించుడి. నిమ్మాడలో నున్నవారందరు నిమ్మాడవారే. ఒకనిని మరియొకనినుండి గుర్తుపట్టుటకు ఆ పేరు అక్కడ పనికిరాదు. ఒకడు ఊరు విడిచి, పది కోసుల దూరమున మరియొక పల్లెలో పాక వేసికొన్న దినమున అక్కడివారు వానిని "ఆ నిమ్మాడోడు" అని పిలుతురు. వానికి కొడుకు పుట్టినప్పుడు "నిమ్మాడోళ్ళ గుంటడు" అందురు. మూడవ తరము వచ్చుసరికి అది ఇంటిపేరై కూర్చుండును. కావున ఊరిపేరు ఇంటిపేరగుటకు ముందుగా ఊరు విడువవలెను. అది ఇంటివాడు తనకు పెట్టుకొన్న పేరు కాదు. పరదేశిగా వచ్చినవానికి, చేర్చుకొన్న ఊరు ఇచ్చిన పేరు.

దీనినిబట్టి మా అతిథి తాతగారు నిమ్మాడలోనే పుట్టియుండనక్కరలేదు. నిమ్మాడ విడిచినవారి సంతతి మరియొక పల్లెలో పుట్టి, ఆ పల్లెనుండి ఖరగ్‌పూరు పోయియుండవచ్చును. చుట్టుప్రక్కల విచారించితిమి. ఆ ఇంటిపేరు గల ఇండ్లు రెండు పల్లెలలో కనబడెను. ఒక పల్లెలో అవి రెండు వేర్వేరు కులములవారివి. తొంబది యేండ్ల అవ్వ ఒకతె నులకమంచముమీద లేచి కూర్చుండి, ఆయన చేయి పట్టుకొని, "మీ తాత తండ్రి పేరేటి నాయనా?" అని అడిగెను. ఆయనయొద్ద జవాబు లేదు. ఆ ఖాళీ గడి అక్కడ మాకు గోడవలె అడ్డము నిలిచెను. మూడు దినములు తిరిగి, నాలుగవ దినమున పలాసలో ఆయనను రైలెక్కించితిమి. "మీరు అన్నము పెట్టిరి, నాకది చాలును" అని ఆయన అనిరి గాని, రైలు కదలువరకు కిటికీలోనుండి మా ముఖములనే చూచుచుండిరి.

మన ప్రభువును లోకమంతయు ఊరిపేరుతోనే యెరుగును. ఆయన నజరేతునకు వచ్చి బోధించినప్పుడు ఆ ఊరివారు ఆయనను వడ్లవాని కుమారుడనిరి, మరియ కుమారుడనిరి, ఆయన సహోదరుల పేర్లు వరుసగా చెప్పిరి. సొంత ఊరివారు మాటలాడు తీరు అదియే గదా. ఆయన ఆ ఊరు విడిచి కపెర్నహూములో కాపురముండి, గలిలయ యంతట సంచరించినప్పుడు నజరేయుడను పేరు వెంట వచ్చెను. నతనయేలు ఆ ఊరి పేరు విని, అక్కడనుండి మంచిదేదైనను వచ్చునా అని సందేహపడెను. ఆ నతనయేలుది కానా. అదియు గలిలయలోని చిన్న ఊరే. ప్రక్క ఊరివాడే ప్రక్క ఊరిని తేలికగా చూచునన్న సంగతి మనకు తెలియనిది కాదు. తుదకు సిలువకు పైన మూడు భాషలలో ఆ పల్లె పేరే వ్రాయబడెను. మగ్దలేనే మరియ, అరిమతయియ యోసేపు, కురేనీయుడైన సీమోను, తార్సువాడైన సౌలు, వీరందరును ఊరి పేరుతోనే మనకు తెలిసినవారు. ఆ పేర్లు లేనియెడల ఎందరు మరియలలో ఏ మరియ, ఎందరు సీమోనులలో ఏ సీమోను అని మనము తడుముకొనియుందుము.

ఇంటిపేరును ఊరును రెండును మరువనివాడు ధన్యుడు. రెంటిలో ఒకటి పోగొట్టుకొనినవారి కథ సముద్రము దాటి చూడుడి. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి మనుష్యులను ఎక్కించుకొని దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. ఆనాటి నుండి 1911 వరకు 1,52,000 మందికి పైగా మన దేశస్థులు చెరకు తోటలలో కూలికి అక్కడ దిగిరి. గంజాము, విశాఖపట్నము జిల్లాలనుండి పోయిన మనవారు వారిలో నున్నారు. ఓడ పుస్తకములలో మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, ఊరు వ్రాసిరి. ఇంటిపేరునకు వేరుగా గడి లేదు. అందుచేత మనిషి పేరే బిడ్డలకు ఇంటిపేరై నిలిచెను. నేడు ఆ దేశములో అప్పలసామి అనునది ఒక ఇంటిపేరు. సింహాచలము అప్పన్న పేరు మీద మన ఉత్తరాంధ్రలో ఇంటింట పెట్టుకొను పేరది. ఎవరో ఒక తాత సొంత పేరు, మునిమనుమల కాలమునకు ఇంటిపేరాయెను. తరతరాల ఇంటిపేరు సముద్రములో పడిపోయెను. అయినను ఊరు గడిలో ఊరు వ్రాయబడినది గనుక, ఆ పుస్తకములు వెదకి పూర్వికుల పల్లెను కనుగొని వచ్చుచున్నవారు కలరు. పేరు పోయినను ఊరు వారిని ఇంటికి చేర్చుచున్నది.

బర్మా పోయిన మనవారి సంగతి మరియొక రీతిగా జరిగెను. రంగూను రేవులో మూటలు మోసిన తెలుగువారిని బర్మావారు "కొరంగీలు" అనిరి. అది గోదావరి ముఖమున నున్న కోరంగి రేవు పేరు. కోరంగి మొగము చూడనివాడైనను, బారువనుండి పోయినవాడైనను, అక్కడివారికి కొరంగీయే. ఒక రేవు పేరు ఒక జాతికంతటికి అంటుకొనెను. 1942లో జపానువారు బర్మాలో ప్రవేశించినప్పుడు వేలమంది అడవుల దారిని కాలినడకను తిరిగి వచ్చిరి. దారిలో పడిపోయినవారు అనేకులు. వారి ఊర్లను ఎవరు వ్రాసియుంచిరి?

ఇంగ్లాండు దేశములోను ఊరు విడిచినవారికి ఊరిపేరు ఇంటిపేరుగా వచ్చుట కలదు. అక్కడ కొన్ని ఇంటిపేర్లు మిక్కిలి అరుదైనవి. దేశమంతట వెదకినను కొద్ది కుటుంబములకు మాత్రమే యుండును. అట్టి పేరు ఎక్కడ పుట్టినదో ఎట్లు కనిపెట్టుదురు? ఆ పేరువారు ఎక్కువగా ఏ సీమలో నున్నారో చూతురు. హెన్రీ గప్పీ అను పండితుడు 1890లో ఈ విషయమై పెద్ద పుస్తకము ప్రకటించెను. ఆయన పట్టణవాసులను లెక్కకు తీసికొనలేదు. రైతుల పేర్లను మాత్రమే ఏరి లెక్కించెను. ఏలయనగా, భూమిని నమ్ముకొన్నవాడు అందరికంటె తక్కువగా కదలును; అందుచేత పేరుకు పుట్టిల్లు రైతు ఇంట దొరకును. పొలము దున్నువాడు తన దేశచరిత్రను తెలియకయే కాపాడుచున్నాడని దీనివలన తేలుచున్నది.

అయితే పేరు ఏ సీమదో తెలిసిన తరువాత, ఏ ఊరు, ఏ ఇల్లు అని తెలియుటకు పుస్తకము కావలెను. ఆ పుస్తకము ఎక్కడిది? సంఘమువారిది. 1538లో రాజమంత్రియైన థామస్ క్రామ్‌వెల్ ప్రతి సంఘమును బాప్తిస్మములు, వివాహములు, సమాధులు ఒక పుస్తకములో వ్రాయవలెనని ఆజ్ఞాపించెను. ప్రతి ఆదివారమున సంఘపు పెద్దల యెదుట ఆ వారపు సంగతులు వ్రాయవలెను. అట్లు వ్రాసిన పల్లెటూరి గుమాస్తాలు తాము గొప్ప పని చేయుచున్నామని యెరుగరు. నాలుగు వందల యేండ్ల తరువాత ఎవరి మనుమడో వచ్చి ఆ పుట తెరచి కన్నీరు విడుచునని వారికేమి తెలియును?

ఒక హెచ్చరికయు కలదు. ఒకే పేరుతో రెండు ఊర్లుండవచ్చును. మన ఎచ్చెర్ల మండలములో పొన్నాడ యున్నట్లే, కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ ప్రక్కను మరియొక పొన్నాడ యున్నది. కోనసీమలో పొన్నాడవారిని చూచి, మా శ్రీకాకుళమువారే అని తొందరపడరాదు. పేరు ఒక్కటి చాలదు. పేరుతోకూడ ఊరును, ఊరితోకూడ తండ్రి పేరును ఉండవలెను.

ఇప్పుడు మన సంఘముల పుస్తకములను తెరచి చూతము. యోహాను, మార్త, సమాధానము, దానియేలు, కృపమ్మ. ఎంత చక్కని పేర్లు! కాని ఒక్క పుటలోనే మరియమ్మలు ఆరుగురు. ఇంటిపేరున్నచోట ఒక్క ఇంగ్లీషు అక్షరము, ఒక చుక్క. ఊరు లేదు. ఇట్లు జరుగుటకు రెండు కారణములు నాకు కనబడుచున్నవి. ఒకటి, బడిలోను ఆఫీసులోను పొడి అక్షరమే అలవాటైనది. రెండవది చెప్పుటకు బాధాకరమైనది. "ఇంటిపేరేటి?" అని అడుగువాడు ఎల్లప్పుడు చుట్టరికము వెదకుటకే అడుగడు. కులము తూచుటకు అడుగువారున్నారు. ఆ త్రాసులో కూర్చుండి విసిగినవారు, బాప్తిస్మపు పేరు వచ్చినది చాలునని, పాత పేరును మడిచి పెట్టెలో దాచిరి. వారిని నేను తప్పుపట్టను. చెప్పులు చేతబట్టుకొని వీధి దాటవలసివచ్చిన దినములను చూచినవారు వారు.

కాని త్రాసు పట్టినవానిది గదా తప్పు, పేరుది కాదు. నిమ్మాడ విడిచినవాడు ఏ కులమువాడైనను నిమ్మాడోడే. కాపు పోయినను, జాలరి పోయినను, చాకలి పోయినను, మాల పోయినను, చేర్చుకొన్న ఊరు ఇచ్చిన పేరు ఒక్కటే. ఒక పల్లెలో రెండు కులముల ఇండ్లకు ఒకే ఇంటిపేరు మేము కన్నులార చూచితిమి. ఇట్టి పేరునుబట్టి మనిషిని తూచువాడు గాలిని తూచుచున్నాడు. ఆ పేరు చెప్పునది ఒక్కటే: ఈ ఇంటివారు ఒకప్పుడు పరదేశులై వచ్చిరి, వీరికి ఎవరో చోటిచ్చిరి.

పేరు వ్రాయువాని చేతిలో ఎంత బరువున్నదో మన ఏజెన్సీ కొండలు చూపుచున్నవి. అక్కడి సవర సహోదరులలో అనేకులకు ఆఫీసు కాగితములలో జాతి పేరే ఇంటిపేరుగా వ్రాయబడినది. కొండంత జనమునకు ఒక్క ఇంటిపేరు! ఎవరి ఇల్లు ఏది, ఎవరి లోయ ఏది అని ఆ కాగితము చెప్పలేదు.

బబులోను చెరనుండి తిరిగి వచ్చినవారి పట్టిక ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో నున్నది. ఆదివారపు పాఠములో దానిని ఎవరును చదువరు. ఒట్టి పేర్లే గదా అని దాటిపోవుదుము. ఈ సారి నిదానముగా చదువుడి. కొందరు తండ్రి పేరుతో లెక్కింపబడిరి. కొందరు ఊరి పేరుతో లెక్కింపబడిరి: బేత్లెహేమువారు 123, అనాతోతువారు 128. తరువాత 652 మంది కలరు. వారు తమ పితరుల ఇల్లు ఏదో చూపలేకపోయిరి. అంతకంటె దుఃఖకరముగా, యాజకుల కుమారులలో కొందరు తమ పేర్లను పుస్తకములో వెదకుకొనిరి, దొరకలేదు. అంత దూరము నడిచి వచ్చి, గుమ్మము దగ్గర నిలిచి, ఇల్లు చూపలేకపోవుట! ఆ 652 మందిని గూర్చి నేను పూర్వము ఆలోచించినవాడను కాను. పలాస స్టేషనులో ఆ రైలు కదలిన దినమునుండి ఆలోచించుచున్నాను.

మన పల్లెలు నేడును ఖాళీ యగుచునే యున్నవి. చెన్నైలో కట్టడపు పనికి, హైదరాబాదులో కాపలా పనికి, గల్ఫు దేశములకు మన పిల్లలు పోవుచున్నారు. మన జాలరులు గుజరాతులోని వేరావలు రేవునకు పోయి పడవలెక్కుచున్నారు. 2018 నవంబరులో పాకిస్తానువారు సముద్రముమీద పట్టుకొనిన ఉత్తరాంధ్ర జాలరులలో 20 మంది 2020 జనవరి 6న విడుదలై స్వదేశములో అడుగుపెట్టిరి. అంతకాలము వారి ఇండ్లలో వెలిగించిన పొయ్యి ఎట్టిదో తలచుకొనుడి. దూరమున చెరలో నున్నవానికైనను, ఆసుపత్రిలో నున్నవానికైనను ఇంటినుండి మనిషి పోవలెనన్న, కాగితముమీద పేరు నిండుగా ఉండవలెను.

కనుక ప్రియ సహోదరీ సహోదరులారా, మీకు నా మనవి చిన్నది. మీ సంఘపు పుస్తకములో బిడ్డ పేరు వ్రాయునప్పుడు ఇంటిపేరును పూర్తిగా తెలుగు అక్షరములతో వ్రాయించుడి. తండ్రి పేరుతోకూడ తల్లి పేరును, ఆమె పుట్టింటి పేరును వ్రాయించుడి; ఆడబిడ్డ ఇంటిపేరు పెండ్లితో మారును గనుక, వ్రాయనియెడల మొదట పోవునది అదియే. ఇప్పుడున్న ఊరును, తాతలు విడిచి వచ్చిన ఊరును రెండును వ్రాయించుడి. కులము అడుగు గడి ఉన్నయెడల దానిని ఖాళీగా విడువుడి. విడువదగిన గడి అది ఒక్కటే.

ఈ రాత్రి భోజనమైన తరువాత మీ ఇంటిలోని ముసలమ్మయొద్ద కూర్చుండుడి. "అవ్వా, మన ఇంటిపేరు ఏ ఊరిది? మనము ఎప్పుడొచ్చాము? మనకు మొదట ఇల్లు కట్టుకొనుటకు చోటిచ్చినదెవరు?" అని అడుగుడి. ఆమె చెప్పినది కాగితముమీద వ్రాసికొని బైబిలులో పెట్టుకొనుడి. ఆ చోటిచ్చినవారి పేరు తెలిసినయెడల దానిని కూడ వ్రాయుడి. రేపు మీ ఊరి రావిచెట్టు క్రిందికి బస్సు దిగి ఒక పరదేశి వచ్చినప్పుడు, "ఇంటిపేరేటి?" అని అడుగుటకు ముందు మంచినీళ్ళతోకూడ అన్నము పెట్టుటకు ఆ కాగితము మిమ్మును ప్రేరేపించును గాక.